అబ్రహాము వేసిన దొంగ దండోరా

దండోరా అబ్రహాము డప్పు వినపడితే రేపల్లె దిగువ పల్లెల్లో కుక్కలు కూడా మంచాల కిందకి దూరేవి. వాటి తప్పేం లేదు. ఇరవై ఏళ్ళలో ఆ డప్పు ఒక్క శుభవార్త మోసుకొచ్చిన పాపాన పోలేదు. పైగా కిందటేడు, ఎమర్జెన్సీ రోజుల్లో, ఉచితంగా కంటి పరీక్షని చాటి ఇసకపాలెం మగాళ్ళని జీపెక్కించాడు. తీరా అది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల క్యాంపని దారిలో తెలిసి, అందరూ జీపులోంచి దూకి పొలాల్లో పడ్డారు. పైవాళ్ళు చెప్పమన్నారు, చెప్పాడు. అబద్ధం ఎవరిదైనా గొంతు తనదేగా.

డెబ్భై ఏడు నవంబరులో ఒక పొద్దున తాలూకా ఆఫీసు వాళ్ళు అతన్ని మళ్ళీ అదే ఇసకపాలేనికి తరిమారు. పెద్ద తుపాను వస్తోంది, సాయంత్రానికి సముద్రం పొంగి ఊరి మీద పడుతుంది, రెండు మైళ్ళ అవతల కాలవ కట్ట మీదున్న డాబా బడికి అందరినీ చేర్చాలి. అందుకు వాళ్ళిచ్చిన సరంజామా ఒక డప్పు, ఒక సైకిలు.

డప్పు మీద మొదటి దెబ్బ పడగానే ఇసకపాలెం పెరటి దారిన ఖాళీ అయింది. ఆడా మగా, చంకల్లో పిల్లలతో సహా, పోలోమని సరుగుడు తోటల్లోకి పరిగెత్తారు. ఆ తోటలున్నది సరిగ్గా సముద్రం పక్కన. వీధిలో కోళ్ళూ, పరిగెత్తే ఓపిక లేని కృపమ్మ అనే ముసలావిడా మిగిలారు.

"తుపాను వత్తందమ్మా. ఆళ్ళని ఎనక్కి పిలు."

"అట్టాగా నాయనా? కిందటేడు కళ్ళన్నావు," అంది కృపమ్మ. "ఈ మాటు తుపానా?"

గాలి అప్పటికే తాటిమట్టలు విరుస్తోంది. అబ్రహాము తోటవైపు తిరిగి బతిమాలాడు. ప్రభువు మీద ఒట్టేశాడు. ఒక్క తలకాయ పైకి లేవలేదు. నిజం చెబితే నమ్మే మొహం కాదు తనదని అతనికి అప్పుడు బోధపడింది. తోట అంచుకి పోయి మళ్ళీ డప్పు కొట్టాడు.

"ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, ఆపరేషన్ జీపులు రెండు సముద్రం ఒడ్డెమ్మట తోటలోకే వత్తన్నయి. ఆడాళ్ళని కూడా ఎక్కిత్తారంట. కట్టమీద బళ్ళోకి మాత్రం రారంట. నేను చెప్పానని ఎవరికీ చెప్పమాకండి."

ఈ మాట మాత్రం వేదవాక్కయింది. ఊరు ఊరంతా కట్టకేసి ఒకటే పరుగు. కృపమ్మ కూడా పరిగెత్తింది. డెబ్భై ఏళ్ళ మనిషికి ఆ జీపంటే ఏం భయమో ఆవిడకే తెలియాలి.

మధ్యాహ్నం మూడింటికి అబ్రహాము బళ్ళో జనాన్ని చూసుకున్నాడు. బాలస్వామి లేడు.

బాలస్వామి అతని చిన్ననాటి జతగాడు. పెళ్ళాం పోయి పదేళ్ళయిన ఒంటరివాడు. కిందటేడు జీపు ఖాళీ అయిపోయినప్పుడు, ఉత్త చేతులతో క్యాంపుకి పోలేక, అబ్రహాము స్నేహం కొద్దీ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆపరేషన్ బల్లమీద పడుకోబెట్టింది అతన్నే.

"గుడిసెలో మంచమ్మీద పడుకుని నవ్వుతన్నాడు," అంది కృపమ్మ. "నాకెప్పుడో అయిపోయింది, జీపు నన్నేం చేసుద్ది అన్నాడు."

అబ్రహాము సైకిలెక్కాడు. గాలి సైకిలుని కాలవలోకి విసిరింది. లేచి నడిచాడు, నడవలేక పాకాడు. అరమైలు పోయేసరికి తుమ్మచెట్ల మీదుగా నీళ్ళు వస్తూ కనిపించాయి. బాలస్వామిని పేరు పెట్టి అరిచాడు. ఊరూరికీ వినపడే గొంతు తన చెవికే వినపడలేదు. వెనక్కి తిరిగి పరిగెత్తాడు.

నాలుగో రోజు ఆఫీసరు కాగితాలతో వచ్చాడు. ఇసకపాలెంలో ఒక్క గోడ లేదు, మనుషులు మాత్రం నూట పన్నెండు మంది ఉన్నారు. ఆయన ముచ్చటపడ్డాడు.

"ఒక్కడేనా పోయింది? నిన్ను మెచ్చుకోవాలయ్యా. వాడొక్కడూ ఎందుకు రాలేదు?"

అబ్రహాము చేతులు కట్టుకున్నాడు. ఏడుపు ఆపుకోలేకపోయాడు.

"ఆయనకి ఆపరేషన్ అయిపోయిందండి," అన్నాడు. "నేనే చేయించానండి."