యేసురత్నం పీట

అమలాపురం, కొత్తపేట చుట్టుపక్కల కొన్ని ఇళ్లలో ఫ్రిజ్జు ముందు ఒక చెక్క పీట ఉండేది. నిద్రగన్నేరు చెక్క. అడుగున నాలుగు మూలలా పాత సైకిల్ టైరు ముక్కలు. ఫ్రిజ్జు తెరవాలన్నా గ్రైండరు వెయ్యాలన్నా దాని మీద నిలబడాలి. వైరింగు చేసిన ప్రతి ఇంటికీ యేసురత్నం ఒక పీట చేయించి ఇచ్చేవాడు. దానికి డబ్బు తీసుకునేవాడు కాదు.

ఇలాంటి మనిషి గురించి రాయాలంటే నిరుపేద అనీ, చదువు లేకపోయినా సంస్కారం ఉన్నవాడనీ మొదలుపెట్టడం మనకి అలవాటు. యేసురత్నం నిరుపేద కాదు. నగరం అనే ఊళ్లో రెండు గదుల డాబా ఉంది, మోపెడ్ ఉంది. ఐటీఐ ఏడాది చదివి మానేశాడు కాబట్టి చదువు లేదనడానికీ లేదు. సంస్కారమంటారా, పని మీద ఉండగా పలకరిస్తే విసుక్కునేవాడు. అతని గురించి చెప్పుకోవలసిన సంగతి వేరే ఉంది. అతనికి భూమంటే భయం.

తొంభైమూడులో అతని అన్న ఏలీయా ఉప్పలగుప్తం వైపు ఒక రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉండేవాడు. నీళ్లు చిలికే మోటారు ఆగిపోతే, చెప్పుల్లేకుండా తడి గట్టు మీద నిలబడి దాని మీద చెయ్యి వేశాడు. అంతే. ప్రభువు పిలిచేడని పాస్టరు గారు చెప్పారు. ఋణం తీరిపోయిందని చెరువు ఆసామి అన్నాడు. ఇద్దరిలో ఎవరూ మోటారు మూత విప్పి చూడలేదు. అక్కడికి వచ్చిన లైన్‌మాన్ ఒకడు మాత్రం, "తడి నేల మీద నిలబడ్డాడు, భూమి లాగేసింది" అన్నాడు. మూడు మాటల్లోనూ అదొక్కటే కరెంటు తెలిసినవాడు చెప్పిన మాటలా వినిపించింది. ఇరవై రెండేళ్ల యేసురత్నం దాన్నే పట్టుకున్నాడు.

అప్పటి నుంచి పనిలో ఉన్నంతసేపూ అతని ఒళ్లు నేలకి తగలలేదు. రబ్బరు చెప్పులు, చెప్పుల కింద చెక్క. అంతవరకూ అయితే మంచిదే. కానీ అతను ఇంకొకటి కూడా చేసేవాడు, అది ఎవరికీ చెప్పలేదు. సాకెట్లలో మూడో కన్నం ఉంటుంది కదా, దాని నుంచి వచ్చే ఆకుపచ్చ తీగలన్నిటినీ బోర్డులోకి లాగి, ఒకటిగా మెలిపెట్టి, టేపు చుట్టి వదిలేసేవాడు. వాటిని భూమికి కలిపేవాడు కాదు. భూమికి దారి చూపిస్తే కరెంటు ఆ దారినే వచ్చి మనిషిని పట్టుకుంటుందని అతని లెక్క. ఎర్తు గొయ్యి తవ్వితే అతనికి ఇంకో రెండు రోజుల కూలి వచ్చేది. అది వదులుకుని మరీ ఇంటికి మేలు చేస్తున్నాననుకున్నాడు.

అమలాపురం శివార్లలోని ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీకి తొంభైతొమ్మిదిలో వైరింగు చేసింది అతనే. రెండువేల మూడు శ్రావణమాసంలో ఆ కాలేజీవాళ్లు కంప్యూటర్లన్నిటినీ ఒకదానితో ఒకటి కలపాలనుకున్నారు. నిలువెత్తు ఇనుప ర్యాక్ ఒకటి వచ్చింది. అందులో బిగించడానికి నెట్‌వర్క్ స్విచ్ అనే పెట్టె వచ్చింది. పెట్టెతో పాటు ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం. శుక్రవారం కంపెనీ ఇంజనీరు వచ్చి కరెంటు ఇస్తాడు, ఈలోగా గది సిద్ధంగా ఉండాలి.

కరస్పాండెంటు బుల్లిరాజు గారు యేసురత్నాన్ని పిలిపించారు. "పుస్తకం హేమ మేడమ్ చదువుద్ది, పని నువ్వు చెయ్యి. నీ వల్ల కాదంటే ఇప్పుడే చెప్పు, కాకినాడ నుంచి మనిషిని రప్పిత్తాను. ఇంక ముందు ముందు పనులు కూడా అతనే చూసుకుంటాడు."

"అవుద్దండి," అన్నాడు యేసురత్నం.

హేమ రాజోలు అమ్మాయి, ఎంసీఏ చదివింది, నెట్‌వర్కుల పాఠం చెప్పేది. నల్లబల్ల మీద గీసిన బొమ్మలో తప్ప ఆమె కూడా ఎప్పుడూ ఆ స్విచ్ పెట్టెని చూడలేదు. ఆమె పుస్తకం చదివి తెలుగులో చెబుతుంటే మొదటి రెండు రోజులు పని బాగానే నడిచింది. ర్యాక్‌ని నేలకి బోల్టులతో బిగించాలి. బరువైనవి అడుగున పెట్టాలి, లేకపోతే మనిషి మీదికి ఒరుగుతుంది. గాలి ఆడడానికి ముందూ వెనకా ఖాళీ వదలాలి. ఏసీ నీళ్ల గొట్టం సరిగ్గా ర్యాక్ నెత్తిన ఉందని పుస్తకం కంటే ముందు యేసురత్నమే గమనించాడు. అతనూ, అతనికి సాయం వచ్చే ముసలయ్యా కలిసి ర్యాక్‌ని అవతలి గోడకి జరిపారు.

చిక్కు పదకొండో పేజీలో వచ్చింది. పెట్టెతో పాటు వచ్చిన చిన్న కవరులోంచి హేమ ఒక పట్టీ తీసింది. దానికి మెలికలు తిరిగిన తీగ, తీగ చివర ఒక క్లిప్పు.

"స్విచ్ పైకి తీసే ముందు దీన్ని చేతికి కట్టుకోవాలంటండి. రెండో చివర ర్యాక్‌కి తగిలించాలి. ర్యాక్ ఎర్తుకి కలిసి ఉండాలి."

"ఎవరి చేతికండి?"

"పెట్టె పట్టుకునేవాళ్ల చేతికి."

యేసురత్నం ఒక అడుగు వెనక్కి వేశాడు. "అంటే నన్ను భూమికి కట్టేత్తారా మేడమ్?"

"మనిషి ఒంట్లో కొద్దిగా కరెంటు పోగవుద్దంటండి. అది తగిలితే లోపలి కార్డులు పాడవుతాయంట."

"నా ఒంట్లో కరెంటు ఉంటే ఈపాటికి బిల్లు వచ్చేదండి."

ముసలయ్య పట్టీని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "వరలక్ష్మీ వ్రతం మొన్నే అయిపోయింది కదండీ మేడమ్ గారూ, ఇంకా ఈ తోరం ఏంటండి?"

"ఇంకేం రాసేరో చూడండి," అన్నాడు యేసురత్నం.

హేమ పేజీలు తిప్పింది. కరెంటు ఉన్న చోట చెయ్యి పెట్టేటప్పుడు పట్టీ విప్పేయాలి, ఉంగరాలూ గొలుసులూ తీసేయాలి, తడి నేల మీద నిలబడకూడదు.

"ఒక పేజీలో కట్టుకోమన్నాడు, ఇంకో పేజీలో విప్పేయమన్నాడు. ఏది నమ్మమంటారు?"

"రెండూనండి," అంది హేమ. తను చెప్పింది తనకే అంత నమ్మకంగా వినిపించలేదు. పట్టీ పెట్టెని కాపాడుతుంది, చెక్క మనిషిని కాపాడుతుంది అన్నంతవరకూ ఆమెకి అర్థమైంది. ఒకే భూమి ఒక పేజీలో మిత్రుడూ ఇంకో పేజీలో శత్రువూ ఎలా అయిందో పుస్తకం చెప్పలేదు. మాట మార్చడానికే అడిగింది: "కాలేజీకి ఎర్తు ఉంది కదండీ? ర్యాక్‌ని దానికే కలిపేద్దాం."

యేసురత్నం వంగి ర్యాక్ బోల్టు ఇంకోసారి బిగించాడు.

"సాకెట్లలో మూడో కన్నం ఉంది కదా."

"కన్నం ఉందండి," అన్నాడు. ఆ తీగలు ఎక్కడికీ పోవని చెప్పాడు. ఎందుకు పోవో కూడా చెప్పాడు. పదేళ్లలో అతను ఆ మాట పైకి అనడం అదే మొదలు. హేమ పుస్తకం మూసేసింది.

సంగతి విని బుల్లిరాజు గారు పెద్దగా కంగారు పడలేదు. "లేకపోతే తవ్వించు. కాలేజీ వెనకాల బోలెడు నేలుంది."

బుధవారం పొద్దున్న కొబ్బరి చెట్ల వరసకి ఇవతల తవ్వడం మొదలుపెట్టారు. నాలుగడుగులు దిగేసరికి నీళ్లు ఊరాయి. తోడుతూ తవ్వారు, ఒడ్డు విరిగి పడింది, మళ్లీ తవ్వారు. తీగ బిగించిన రాగి రేకుని అడుగున దించి, దాని చుట్టూ ఒక వరస కొబ్బరిచిప్పల బొగ్గు, ఒక వరస కల్లుప్పు పోస్తూ వచ్చారు. మొలలోతు నీళ్లలో నిలబడి బొగ్గు అందుకున్నది ముసలయ్యే. యేసురత్నం ఒడ్డున చెక్క మీద నిలబడి అందించాడు.

"ఇదేం ఆవకాయరా, వరసలు వరసలుగా పెడుతున్నావ్? జాడీ మూత ఎప్పుడు తీత్తావేంటి?"

"నువ్వు పైకి రా బాబాయ్ ముందు," అన్నాడు యేసురత్నం. కరెంటు లేని గొయ్యే అయినా ముసలయ్య పైకి వచ్చేదాకా అతను కళ్లు పక్కకి తిప్పలేదు.

మధ్యాహ్నం మెయిన్ ఆపి, గొయ్యి నుంచి తెచ్చిన తీగని ర్యాక్‌కి బిగించాడు. బోర్డులో నాలుగేళ్ల కిందటి టేపు విప్పి ఆకుపచ్చ తీగల కట్టని కూడా దానికే కలిపాడు. మెయిన్ వేశాడు. ఫ్యూజు ఠప్పుమంది.

ఫ్యూజు తీగ మార్చి మళ్లీ వేశాడు. మళ్లీ పోయింది. ఆకుపచ్చ తీగలు విడదీసి వేశాడు, అన్నీ హాయిగా తిరిగాయి. కలిపి వేశాడు, పోయింది. చప్పుడు విని బుల్లిరాజు గారు వచ్చారు.

"ఎర్తు లేకపోతే ఆడుతున్నాయి, ఉంటే ఆగిపోతున్నాయి. దీనికింత ఆలోచనేంటయ్యా? పీకేయ్."

మాట పైకి సబబుగానే ఉంది. ఆ పూట సాక్ష్యాలన్నీ యేసురత్నం వైపే ఉన్నాయి. అయినా అతని మొహంలో గెలిచిన కళ లేదు. భూమే తప్పు చేస్తుంటే మనిషి ప్రాణం పోవాలి కానీ ఫ్యూజు ఎందుకు పోయిందన్నది అతనికి తెగలేదు.

"ఒక్కొక్క ప్లగ్గూ పీకుతూ చూద్దామండి," అంది హేమ.

లాబులోవి అన్నీ పీకారు. ప్రిన్సిపాలు గదిలోవి పీకారు. ఫ్యూజు పోతూనే ఉంది. చివరికి వరండాలో పిల్లలు నీళ్లు తాగే కూలరు ప్లగ్గు పీకి మెయిన్ వేశాడు. ఫ్యూజు నిలబడింది. మిగతావన్నీ ఒక్కొక్కటిగా పెట్టుకుంటూ వచ్చారు. అప్పుడూ నిలబడింది.

కూలరు ముందు యేసురత్నం పీట ఉంది. తను ఇచ్చిందే. అతను దాన్ని పక్కకి జరిపి కూలరు వెనక రేకు విప్పాడు. తీగ లోపలికి వెళ్లే ఇనప కన్నానికి రబ్బరు లేదు. మోటారు అదురుకి తీగ మీది తొడుగు అరిగి, రాగి బయటపడి, రేకుని ఆనుకుని ఉంది.

"పిల్లలు చెబుతూనే ఉన్నారండి, ముట్టుకుంటే జుమ్మంటుందని," అంది హేమ. "లాబులో కంప్యూటర్లు కూడా అంతే అన్నారు. కంప్యూటర్లంటే అలాగే ఉంటాయేమో అనుకున్నాను."

ఆ రోజుల్లో కంప్యూటర్ల గదిలోకి గుడిలోకి వెళ్లినట్టు చెప్పులు విడిచి వెళ్లాలి. ఎందుకని ఎవరూ అడగలేదు, పవిత్రమైన చోట్ల ఎవరూ అడగరు. ఆకుపచ్చ తీగలన్నీ ఒకదానికొకటి కలిసి, భూమికి మాత్రం కలవకుండా ఉండడంతో కూలరులోని కరెంటు లాబులో ప్రతి పెట్టె దాకా వచ్చి కూర్చుంది. నేల మీద పరిచిన రబ్బరు చాపే ఇన్నాళ్లూ ఆ పిల్లల్ని కాచింది.

యేసురత్నం వరండా మెట్టు మీద కూర్చున్నాడు. చెప్పులు పక్కనే విడిచిన సంగతి అతనికే తెలియలేదు.

"ఫ్యూజు ఎందుకు పోయిందండి మేడమ్?"

"రేకు మీదున్న కరెంటంతా ఒక్కసారి ఎర్తులోకి దిగింది కదండీ. తట్టుకోలేకపోయింది."

"భూమి లాగేసింది."

"ఆయ్, లాగింది. తీగలోంచి లాగింది. తీగ లేకపోతే పిల్లల్లోంచి లాగేది."

విప్పిన కూలరు వైపు చూస్తూ అడిగాడు. "మా అన్నయ్య పట్టుకున్న మోటారుకి ఇలాంటి తీగ ఉంటేనండి?"

"నేనా మోటారు చూడలేదండి," అంది హేమ.

"నేనూ చూడలేదండి. ఎవరూ చూడలేదు."

గురువారం స్విచ్ బిగించాడు. కరెంటు తీగ ఇంకా తగిలించకుండానే పట్టీ కుడిచేతికి కట్టుకుని క్లిప్పు ర్యాక్‌కి పెట్టాడు. ఆ తర్వాత పీట తెచ్చుకుని దాని మీద నిలబడ్డాడు.

"ఇంకా పీట ఎందుకండి?" అంది హేమ.

"పుస్తకం వద్దందాండి?"

ఆమె వెతికింది. పుస్తకం వద్దనలేదు.

శుక్రవారం వచ్చిన ఇంజనీరు మీటరు పెట్టి ఎర్తు చూసి, బాగుందన్నాడు. స్విచ్‌కి కరెంటు ఇచ్చాడు. చిన్న చిన్న పచ్చ దీపాలు వెలిగాయి. టీ తాగి వెళ్లిపోయాడు. బుల్లిరాజు గారు కాకినాడ మాట మళ్లీ ఎత్తలేదు. ఇదంతా బాగానే జరిగింది, కానీ యేసురత్నానికి ఇది ముగింపు కాదు. పదేళ్లలో ఎన్ని ఇళ్లకి వైరింగు చేశాడో, ఎన్ని బోర్డుల్లో టేపు చుట్టాడో అతని ఒక్కడికే తెలుసు.

ఆదివారం ప్రార్థనకి వెళ్లలేదు. మోపెడ్ మీద రాగి రేకు పెట్టుకుని పలివెల వెళ్లాడు. అక్కడ సావిత్రి గారని రిటైరైన టీచరమ్మ ఒక్కరే ఉంటారు. ఆరేళ్ల కిందట ఆ ఇంటికి వైరింగు చేశాడు.

"మీ ఇంట్లో మూడో తీగ ఎక్కడికీ పోదండి," అన్నాడు గుమ్మంలోనే. "నేనే ఆపేసేను."

"ఆరేళ్లూ ఏం కాలేదు కదా నాయనా."

"కాలేదండి. మీరు పీట మీద నిలబడబట్టి."

"పీటా?" సావిత్రి గారు నవ్వారు. "అది నువ్విచ్చిన వారానికే వంటింట్లోకి పోయింది. దాని మీద కూర్చునే కొబ్బరి కోరతాను. ఎత్తు సరిగ్గా సరిపోయింది. తీసుకుపోతానంటే మాత్రం ఇవ్వను."

యేసురత్నం వంటింటి వైపు చూశాడు. పీట మీద కోరాం ఉంది, పక్కన సగం చిప్ప ఉంది. ఫ్రిజ్జు ముందు మాత్రం ఏమీ లేదు. అప్పుడే కడిగిన నేల, దాని మీద ఆవిడ తడి పాదాల గుర్తులు.

జేబులోంచి టెస్టరు తీసి ఫ్రిజ్జు పక్క రేకుకి ఆనించాడు. టెస్టరు లోపలి చిన్న దీపం మసకగా వెలిగింది.

"ఏంటి బాబూ?" అన్నారు సావిత్రి గారు.

ప్లగ్గు పీకేశాడు. ఆ తర్వాత పెరట్లోకి చూసి, "పలుగుందాండి?" అని అడిగాడు.