ఖాలా వేసిన కేసు

పోయిన శుక్రవారం దుబాయ్ దగ్గరి అజ్మాన్ నుంచి ఖాలా కొడుకు ఫోన్ చేశాడు. "అమ్మ పొద్దున పోయిందన్నా" అన్నాడు.

ఆమె నాకు బంధువు కాదు. నాది జగిత్యాల వైపు, ఆమెది నెల్లూరు. అజ్మాన్‌లో నేను నేల తుడిచే సూపర్‌మార్కెట్ పక్క సందులో ఆడవాళ్ల బట్టలు కుట్టేది. అందరిలా నేనూ ఖాలా అనేవాణ్ణి, అంటే పిన్ని. "తిన్నావా" అంటే ఎవరైనా అవుననే అంటారని, "ఏం తిన్నావు" అని అడిగేది.

కరోనా తగ్గిన ఏడాది, మా షాపులో పాల ఫ్రిజ్ కింద కారిన నీళ్ల మీద జారిపడి ఖాలా తుంటి ఎముక విరిగింది. ఫ్రిజ్ కారుతోందని నేను ముదీర్‌కు, అంటే మేనేజరుకు, ముందే చెప్పాను. నేల తడిగా ఉందని హెచ్చరించే బోర్డు షాపులో లేనేలేదు. ఆపరేషన్ అయ్యాక ఖాలా కేసు వేసింది. బోర్డు పెట్టామనీ, ఆమే చూసుకోకుండా నడిచిందనీ షాపువాళ్లు కోర్టుకు చెప్పారు.

ముదీర్ నన్ను పిలిచి, "ఎవరడిగినా బోర్డు పెట్టానని చెప్పు. ఖలాస్" అన్నాడు.

ఆ సాయంత్రమే వెళ్లి ఖాలాకు చెప్పాను. ఆమె ఇంకా మంచం దిగలేదు.

"నిన్ను సాక్ష్యానికి పిలవబాకని వకీలుకు చెప్పేశా బేటా. నీ వీసా వాళ్ల చేతిలో ఉండాది."

"కేసు పోతే ఎట్ల ఖాలా?"

"పోతే పోద్ది. నేను గుడ్డిగా నడిచానంటే మాత్రం ఊరుకోను."

తర్వాత కోర్టు పంపిన నిపుణుడు షాపుకు వచ్చాడు. ఫ్రిజ్ చూసి, పక్కనే ఉన్న నన్ను, ఆ రోజు బోర్డు ఉందా అని హిందీలో అడిగాడు. ముదీర్ నా వెనకే నిలబడ్డాడు. "నహీ థా సాబ్" అన్నాను, లేదని.

కొద్దిరోజులకే నన్ను ఊరవతల సజ్జా అనేచోట ఉన్న కంపెనీ గోడౌనుకు మార్చారు. ఖాలా ఫోన్‌లో కోప్పడింది.

"చెప్పబాకంటే ఎందుకు చెప్పావు?"

"అడిగిండు ఖాలా. చెప్పిన."

ఆమె ఫోన్ పెట్టేసింది.

తప్పు షాపుదేనని కోర్టు తేల్చింది. కానీ ఎక్కువసేపు కూర్చోలేక ఖాలా కుట్టుపని మానేసింది.

తీర్పు వచ్చాక ఒక సెలవు రోజు కొడుకు కారులో గోడౌను పక్కనున్న మా లేబర్ క్యాంపుకు వచ్చింది, పెద్ద గిన్నెడు బిర్యానీతో. కేసు మాట ఎత్తలేదు. ఎవరో మెస్ నుంచి కుర్చీ తెచ్చారు, కాలు చాపుకోవడానికి బకెట్ బోర్లించారు. లారీల మధ్య ఆ కుర్చీలో కూర్చుని, ఒక్కొక్కరినీ "మీదే ఊరు నాయనా" అని అడుగుతూ వడ్డించింది. కాలు నొప్పి పెట్టినప్పుడు గరిటె ఆపి, కళ్లు మూసుకునేది. ప్లేటు పట్టుకున్నవాడు కదలకుండా నిలబడేవాడు. కళ్లు తెరిచి, వాడికి ఇంకో గరిటె వేసేది.