వెనక్కి తొక్కితే ఆగిపోయే సైకిలు

నా చిన్నప్పుడు మేము మూడేళ్ళు సముద్రం మధ్యలో కాపురం ఉన్నాం. హవాయి దీవుల్లో పెద్ద దీవి, దాని తూర్పు ఒడ్డున హిలో అనే ఊరు. పేరుకి అమెరికాయే గానీ చూడ్డానికి కోనసీమలా ఉండేది. ఇంటింటికీ బొప్పాయి చెట్టు, అరటి గెల, దడి నిండా మందారాలు. పొద్దున ఎండ, మధ్యాహ్నానికల్లా వాన. మా నాన్నకి అక్కడ చెరకు పరిశోధన చేసేచోట ఉద్యోగం. మా ఇల్లు ఏటవాలు వీధికి పైకొసన ఉండేది. వంటింటి కిటికీలోంచి చూస్తే వీధంతా జారుడుబల్లలా కిందికి దిగి, చివర సముద్రంలో కలిసినట్టుండేది. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు.

అక్కడి బడిలో చేరిన మొదటి వారమే టీచరమ్మ నన్ను లేపి పాఠం చదవమంది. నాది తెనాలిలో నేర్చుకున్న ఇంగ్లీషు. మా మేష్టారు నేర్పినట్టే ప్రతి అక్షరం ఒత్తి, గోడ అవతలికి వినపడేలా చదివాను. రెండు వాక్యాలు అయ్యాయో లేదో, క్లాసంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది మా వీధిలోనే, మాకు నాలుగిళ్ళ దిగువన ఉండే అమ్మాయి. పొడుగ్గా, నడుం దాటిన జడతో, నాకంటే రెండేళ్ళు పెద్దదానిలా కనపడేది. ఆ రోజు మూసిన నోరు బడిలో నేను మళ్ళీ తెరవలేదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తేదాన్ని. దాహమేస్తే వేలితో చూపించేదాన్ని. ఇంటికొచ్చాక మాత్రం దినమంతా దాచుకున్న మాటలన్నీ అమ్మ నెత్తిన కుమ్మరించేదాన్ని.

టీచరమ్మ అమ్మనీ నాన్ననీ పిలిపించింది. పిల్ల నోరు విప్పకపోతే వచ్చే ఏడు కూడా ఇదే క్లాసులో కూర్చోబెట్టాలి అందట. ఆ ఆదివారం అమ్మ ఉప్మా కలుపుతుంటే నాన్న పక్కన నిలబడి మెల్లిగా అన్నాడు, "ఇక్కడ మూగదానిలా పెరిగేకంటే అక్కడ మీ అమ్మగారి దగ్గర మాట్లాడుతూ పెరగడం నయం. సెలవుల దాకా చూద్దాం." అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఉప్మా అడుగంటింది. మర్నాడు నేను బడినుంచి వచ్చేసరికి నా బట్టల పెట్టె అలమర పైనుంచి దిగి, బూజు దులిపించుకుని, అరుగు మీద ఎండలో తెరిచి ఉంది.

అమ్మమ్మ అంటే నాకు ప్రాణమే. కానీ ఒక సముద్రం అవతల అమ్మా నాన్నా, ఇవతల నేను అన్న మాట గుర్తొస్తే రాత్రి లేచి వెళ్ళి అమ్మ పక్కలో దూరేదాన్ని. మాట్లాడితే సరిపోతుందని తెలుసు. తెలిసినా నోరు రాదు. అదెలాంటిదో పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాన్న సైకిలు కొన్నాడు. ఆయనకి కారు నడపడం రాదు. తోటి ఉద్యోగి కారులో ఎక్కించుకుపోతున్నా, రోజూ ఒకరి కోసం ఎదురుచూడడం ఆయనకి నచ్చేది కాదు. ఆ దీవి వదిలి వెళ్ళిపోయేవాళ్ళు సామానంతా ఓడలో వేసుకుపోవడం దండగని ఇంటిముందు పచ్చిక మీద పరిచి అమ్మేసేవారు. కుర్చీలు, గిన్నెలు, దుప్పట్లు, వాటి మధ్య ఒక ఆకుపచ్చ సైకిలు. లావు టైర్లు, పీటంత సీటు, ఉప్పుగాలికి ఒళ్ళంతా తుప్పు మచ్చలు. నాన్న తెనాలి పద్ధతిలో బేరం చూశాడు. టైర్లు బొటనవేలితో నొక్కాడు. సైకిలు వెనకభాగం జానెడు ఎత్తి వదిలి, ఏది గలగలలాడుతుందో చెవి ఒగ్గి విన్నాడు. చక్రం తిప్పి వంకర ఉందేమో ఒక కన్ను మూసి చూశాడు. అప్పుడు గమనించాడు, హ్యాండిల్‌కి బ్రేకులే లేవు. అడిగితే ఆ అమ్మేవాడు, "వెనక్కి తొక్కితే ఆగుతుంది" అన్నాడు. నాన్న ఓహో అని తలూపాడు. తల విన్నది గానీ కాళ్ళు వినలేదని తరవాత తెలిసింది.

అమ్మ సైకిలుకి పసుపూ కుంకుమా పెట్టి, ముందు చక్రం కింద నిమ్మకాయ ఉంచింది. నాన్న దాన్ని చితకతొక్కి వీధిలోకి దిగాడు. నేను వెనకాల పరిగెత్తాను.

మా నాన్న సైకిలు తొక్కడం తెనాలిలో మా పేటంతటికీ తెలుసు. వెనక అమ్మ, ముందు కడ్డీ మీద నేను, ఒక చేత్తో హ్యాండిలు, రెండో చేత్తో ఎదురైనవాళ్ళకి నమస్కారం. ఆయనకొక అలవాటుండేది. బండి దానంతటది పోతున్నప్పుడు ఊరికే కూర్చోక, పెడళ్ళు తీరిగ్గా వెనక్కి తిప్పుతుండేవాడు. టిక్ టిక్ టిక్ టిక్ అని చక్రం లోపల చప్పుడయ్యేది. దానివల్ల ప్రయోజనమేమీ లేదు, అదొక సుఖం, అంతే. మన వైపు సైకిలు తొక్కినవాళ్ళందరికీ తెలిసిన సుఖమే అది.

ఆ వాలులో సైకిలు హాయిగా జారుతుంటే, ఎదురుగా సముద్రం మెరుస్తుంటే, నాన్న కాళ్ళు వాటి అలవాటు చొప్పున వెనక్కి తిరిగాయి. వెనక చక్రం టక్కున బిగుసుకుపోయింది. సైకిలు అడ్డం తిరిగింది, నాన్న మందార దడిలోకి వెళ్ళిపడ్డాడు. పడింది ఎక్కడ? ఆ పొడుగుజడ అమ్మాయి ఇంటి ముందు. ఆ పిల్లా, ఇద్దరు తమ్ముళ్ళూ గుమ్మం మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ముగ్గురూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నాన్నకి దెబ్బ తగిలిందేమో అన్న మాట నాకు తట్టలేదు. నా క్లాసు గది కళ్ళముందు నిలిచింది. వెనక్కి తిరిగి ఇంటికి పరిగెత్తాను.

మోకాలికి పసుపు అద్దుతూ అమ్మ, "నిమ్మకాయ తొక్కించాను గనక దీంతో పోయింది. రైలు గేటు పడుతుంటే పెళ్ళాన్నీ పిల్లనీ ఎక్కించుకుని దూరి వచ్చిన మనిషి మీరు! మీరు పడడమేమిటండీ?" అంది.

"నేనెవరో ఆ సైకిలుకి తెలీదుగా" అన్నాడు నాన్న.

ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య బిగించి, వంకరపోయిన హ్యాండిలు సరిచేశాడు. గొలుసు ఊడదీసి కిరసనాయిల్లో నానబెట్టి, పాత టూత్ బ్రష్షుతో తుప్పంతా గీకాడు. అక్కడ రెండు వానలకి గొలుసు ఎర్రబడిపోయేది. అమ్మ కొబ్బరినూనె రాయబోతే, ఎర్రమట్టి అంటుకుని ముద్దవుతుందని వద్దన్నాడు. తోటి ఉద్యోగి వచ్చి చూసి, ఊళ్ళో షాపులో ఇస్తే వెనక చక్రం మార్చి చేతిబ్రేకులు పెడతారని చెప్పాడు. అది విని నేను బతికాం అనుకున్నాను. నాన్న మాత్రం, "ఈ ఊళ్ళో అందరూ దీనిమీదే తిరుగుతున్నారు కదా, చూద్దాం" అన్నాడు.

మర్నాడు సాయంత్రం నాన్న సైకిలు నడిపించుకుంటూ తిన్నగా ఆ దిగువింటికే వెళ్ళాడు. పడితే పగలకుండా నాన్న కళ్ళజోడు పట్టుకోవడానికని అమ్మ నన్ను వెంట పంపింది. నేను దడి చాటున నక్కాను. నాన్న ఆ ముగ్గురు పిల్లల ముందు నిలబడి, తన తెనాలి ఇంగ్లీషులో, "పిల్లలూ, నాకు ఈ సైకిలు తొక్కడం రావట్లేదు. మీరు నేర్పుతారా?" అని అడిగాడు. వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పెద్ద తమ్ముడు నాన్న అన్న మాటని నాన్న యాసలోనే తిరిగి అన్నాడు. ముగ్గురూ నవ్వారు. నాకు భూమిలోకి కుంగిపోదామనిపించింది. నాన్న ఆ నవ్వు పూర్తయ్యేదాకా ఆగాడు. కోపం లేదు, బతిమాలడం లేదు. బస్సు వెళ్ళిపోయాక రోడ్డు దాటేవాడిలా ఆగి, అదే మాట, అదే గొంతుతో మళ్ళీ అడిగాడు.

పొడుగుజడ అమ్మాయి లేచి, "సరే అంకుల్, పద" అంది. మన పిల్లల్లాగే అక్కడి పిల్లలు కూడా ఊళ్ళో పెద్దవాళ్ళందరినీ అంకుల్, ఆంటీ అనే పిలుస్తారు.

సముద్రం ఒడ్డున పచ్చిక బయలు ఉండేది. రోజూ సాయంత్రం అక్కడ నాన్నకి చదువు. పిల్లలు ముగ్గురూ పక్కన పరిగెత్తుతూ, "ఇప్పుడు కాదు అంకుల్! ఇంకా కాదు! ఆఁ, ఇప్పుడు!" అని అరిచేవారు. నేను పిట్టగోడ మీద కళ్ళజోడు పట్టుకుని కూర్చునేదాన్ని. నాన్న భయపడుతున్నంతసేపూ బాగా తొక్కేవాడు. కాస్త గాలి తగిలి, పాట కూనిరాగం మొదలైందంటే చాలు, కాళ్ళు పాత అలవాటులోకి వెళ్ళిపోయేవి. అంటే సంతోషం వేసినప్పుడల్లా పడేవాడు.

"నిన్న వచ్చింది కదా అంకుల్!" అని చిన్నవాడు నడుం మీద చేతులు పెట్టుకుని మందలించేవాడు.

"నిన్న వచ్చింది. ఇవాళ మళ్ళీ పోయింది. ఇంకోసారి చెప్పు" అనేవాడు నాన్న.

వాళ్ళు ఆయన యాసని వెక్కిరించడం మానలేదు. కానీ వెక్కిరించాక జవాబు కూడా చెప్పేవారు. వెక్కిరింత దగ్గరే అంతా అయిపోతుందని అన్నాళ్ళూ అనుకున్నాను నేను. దాని వెనక ఇంకా బోలెడు మాట ఉంటుందని ఆ గోడ మీద కూర్చుని చూశాను.

ఒక సాయంత్రం నాన్న పడి, ఆయాసపడుతూ పచ్చిక మీదే వెల్లకిలా ఉండిపోయాడు. చిన్నవాడికి చిరాకొచ్చింది. "ఆగక్కర్లేనప్పుడు వెనక్కి ఎందుకు తొక్కుతావ్ అంకుల్? ఎవరైనా అలా తొక్కుతారా?" అన్నాడు. నాన్న పడుకునే తన చదువుకున్న ఇంగ్లీషులో చక్రం గురించి, లోపలి పళ్ళ గురించి ఏదో చెప్పబోయాడు. ఒక్కరికీ అర్థం కాలేదు. పొడుగుజడ అమ్మాయి గిర్రున నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. ఎందుకలా చేస్తాడు మీ నాన్న?"

ముగ్గురూ నావంకే చూస్తున్నారు. నవ్వడానికి కాదు, వాళ్ళకి నిజంగా తెలుసుకోవాలని ఉంది. వాళ్ళు పుట్టాక ఎప్పుడూ వినని చప్పుడు నేను పుట్టినప్పటినుంచీ వింటున్నాను. నాలుక అంగిట్లో కొట్టి టిక్ టిక్ టిక్ అన్నాను. తరవాత మాటలు ఎలా వచ్చాయో నాకు తెలియదు. "మా ఊళ్ళో సైకిలు వెనక్కి తొక్కితే ఆగదు. పాడుతుంది" అన్నాను.

ముగ్గురూ పకపకా నవ్వారు. పాడుతుందంట, సైకిలు! నాకు చెవులు వేడెక్కాయి. నాన్న వైపు చూశాను. ఆయన నావంక చూడడం లేదు, జుట్టులో గడ్డి ఏరుకుంటున్నాడు. గోడ దిగి పారిపోవాలనిపించింది. దిగలేదు. నవ్వు అయ్యేదాకా ఆగి, "పాడుతుంది" అని మళ్ళీ అన్నాను.

"మళ్ళీ చెయ్యి ఆ చప్పుడు" అంది ఆ అమ్మాయి. చేశాను. తను చేయబోతే రాలేదు, తుపుక్కుమంది. "ఛ, అలా కాదు" అన్నాను. ఒకరికి ఛ అనడం ఆ దీవిలో నాకదే మొదలు. కాసేపటికి నలుగురం గోడ మీద వరసగా కూర్చుని నాలుకలతో సైకిళ్ళు తొక్కుతున్నాం. ముగ్గురు మనుషులు ఒక సైకిలు మీద ఎలా పడతారో చెప్పాను. గేటు పడ్డప్పుడు సైకిలుని పక్కకి వాల్చి ఎలా దూరుస్తారో చెప్పాను. సగం మాటలు, సగం చేతులు.

ఇంటికి వస్తుంటే నాన్న నన్ను సీటు మీద కూర్చోబెట్టి సైకిలు నెట్టుకొచ్చాడు. నేను మాట్లాడిన సంగతి ఎత్తనేలేదు. "ఇంట్లో పసుపు ఉందో అయిపోయిందో, అమ్మనడుగు" అన్నాడు, అంతే.

ఆ వారంలోనే బడిలో టీచరమ్మ పాఠం చదవమంటే లేచాను. నవ్వారు. పొడుగుజడ అమ్మాయి కూడా నవ్వింది. ఆగాను. ఆ వాక్యం మొదటినుంచీ చదివాను. రెండోసారి నవ్వడానికి వాళ్ళకే ఓపిక లేకపోయింది. సెలవులు వచ్చేనాటికి అమ్మ నా పెట్టెలో రగ్గులు కుక్కి, మళ్ళీ అలమర పైకి ఎక్కించింది.

ఈ సంగతి ఇంట్లో చెప్పినప్పుడల్లా మా పిల్లలు, "తాతయ్య కావాలనే పడ్డాడమ్మా, నీ కోసం నాటకం ఆడాడు" అంటారు. నాకూ ఒకప్పుడు ఆ అనుమానం వచ్చింది. ఆయనకి వయసు మళ్ళాక ఒకరోజు అడిగేశాను. నాన్న పడీ పడీ నవ్వాడు. "నాటకమైతే మెత్తటి చోటు చూసుకుని పడేవాణ్ణి కదమ్మా!" అన్నాడు. ఆ జవాబు విన్నాక ఆయన నాకు ఇంకా పెద్దగా కనిపించాడు. నాటకమే అయితే అది చిన్నపిల్లకి చెప్పిన కట్టుకథ అయ్యేది, పెద్దయ్యాక మరిచిపోయేదాన్ని. ఆయనకి నిజంగానే రాలేదు. నలుగురూ గౌరవించే మనిషి, రాని సంగతి ఒప్పుకుని, తనని చూసి నవ్వినవాళ్ళ గుమ్మానికే వెళ్ళి నేర్పమన్నాడు.

మేము తిరిగి తెనాలి వచ్చేశాక నా చదువు తొమ్మిదో క్లాసుతో ఆగిపోయింది. ఇప్పుడు మళ్ళీ అమెరికాలోనే, ఫ్రీమాంట్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఆ దీవిలో నేర్చిన ఇంగ్లీషు సగం తుప్పుపట్టింది, మిగతా సగం తెలుగులోకి దిగిపోయింది. మందుల షాపుకి వెళ్ళి నాకు కావలసింది అడుగుతాను. కౌంటరు వెనక పిల్ల "సారీ?" అని చిన్నగా నవ్వుతుంది. మా అమ్మాయికి మొహం ఎర్రబడుతుంది, "అమ్మా, నువ్వుండు, నేను చెప్తా" అని ముందుకొస్తుంది. నేను దాని చెయ్యి పట్టుకుని ఆపుతాను. తొందరేముంది? అవతలి నవ్వు అయిపోనిచ్చి, నా మాట నేనే మళ్ళీ చెప్తాను. ఈసారి ఆ పిల్ల కౌంటరు మీదికి కాస్త వంగి వింటుంది.