నీళ్లు తాగని అల్లుడు

ఈ సంగతి నేను ఎప్పుడో రాయవలసింది. రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు, నాకు రాయడం రాదు. మా ఇంటాయన ఉన్నన్ని రోజులు ఇంట్లో అక్షరాల పనంతా ఆయనదే, పొయ్యి పని నాది. ఆయన పోయినంక మా వాడకట్టులో పెద్దవాళ్లకు సాయంత్రం బడి పెట్టారు. ఒక్కదాన్నే ఇంట్లో కూర్చోలేక వెళ్లాను. నేను పలక పట్టుకొని పోతుంటే పక్కింటి కోడలు కిటికీలోంచి చూసి నవ్వింది. నేనూ నవ్వాను. చేతికి ఒత్తులు లొంగడానికి చాలా కాలం పట్టింది. లొంగినంక కూడా చుట్టాల పేర్లు, సామాన్ల చీటీలు తప్ప ఇంకేదీ రాసే ధైర్యం రాలేదు.

మొన్న మా మనవరాలు వచ్చింది. కరీంనగర్‌లో డాక్టరు. దవాఖానలో పని చేస్తూనే ఇంకా పెద్ద చదువు చదువుతోంది. దానికోసం పరిశోధన చేసి ఒక పుస్తకం రాసి ఇవ్వాలట. అన్నం తింటూ ఆ సంగతి చెప్పింది. "సగం మందికి కొత్త మందు ఇస్తం అమ్మమ్మా, సగం మందికి ఇయ్యం. ఆఖరికి ఎవరికి నయమైందో చూస్తం." ఇయ్యనోళ్లకు ఆ సంగతి తెలుస్తదా బిడ్డా అని అడిగాను. "ఎందుకు తెల్వది? ముందే అంతా చెప్పి సంతకం తీసుకుంటం," అని ఇంకొంచెం మామిడికాయ తొక్కు వేసుకుంది. ఆమె హాయిగా తింటోంది. నేనే కంచం పక్కకు జరిపాను.

మా ఇంటాయన కూడా డాక్టరే. నిజాం రోజుల్లో పట్నంలో చదివారు. ఆ చదువంతా ఉర్దూలోనే. ఎముకల పేర్లు, నరాల పేర్లు, మందుల పేర్లు అన్నీ ఉర్దూలోనే నేర్చుకొని, కరీంనగర్ జిల్లాలో ఒక తాలూకా దవాఖానలో కుదురుకునేసరికి పోలీసు చర్య అయింది. సర్కారు మారింది, ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ అయినంక తనిఖీకి వచ్చిన కొత్త అధికారి ఒకాయన ఈయన ఉర్దూలో రాసిన కాగితం చూసి, "మీరు డాక్టరా, మున్షీయా?" అన్నాడట. ఆ మాట నాకు నవ్వుతూనే చెప్పారు. చెప్పిన వారంలోనే పట్నం పోయి లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు కొనుక్కొచ్చారు. పొద్దున గడ్డం గీసుకుంటూ రోగాల పేర్లు వల్లె వేసేవారు. రొట్టెలు కాలుస్తూ నేనూ వెనక నుంచి అనేదాన్ని. నాకు అర్థం తెలియదు, ఆయనకు నోరు తిరగదు. ఇద్దరికీ బాగానే సాగింది.

ఆ రోజుల్లోనే పట్నంలో ఒక పెద్ద డాక్టరు ఆయన్ను శిష్యునిగా ఒప్పుకున్నారు. పరిశోధన చేసి ఇంగ్లీషులో రాసిస్తే పెద్ద డిగ్రీ వస్తుంది. అది వస్తే ఇక మున్షీ అనేవాళ్లుండరు. సెలవు మాత్రం దొరకదు. అందుకని పొద్దున దవాఖాన, మధ్యాహ్నం సైకిలు మీద ఊర్లు. ఆయన ఎంచుకున్న రోగం నారు. ఇప్పటి పిల్లలకు అది తెలియదు. కాలి మీద పొక్కు లేచి పగిలి, అందులోంచి తెల్లటి దారంలాంటి పురుగు తల బయటపెడుతుంది. దాన్ని అగ్గిపుల్లకు చుట్టి రోజుకింత మెల్లగా గుంజాలి. తెగిందంటే కాలు వాచి చీము పడుతుంది. అదీ సరిగ్గా మిరుగం కార్తెకు ముందు, నాగళ్లు కట్టే రోజుల్లో వస్తుంది. ఆ పురుగులను సీసాల్లో స్పిరిట్ పోసి మా ఇంట్లో తొక్కు జాడీల పక్కన వరుసగా పెట్టేవారు. మా ఇంటికి వచ్చిన చుట్టాలు ఉత్త పప్పుతో తిని లేచేవారు.

ఒకనాడు బట్ట తానులు తెచ్చి, కుండ మూతికి సరిపడా కత్తిరించి అంచులు కుట్టమన్నారు. ఎవరికని అడిగితే ఒక దూరపు ఊరి పేరు చెప్పారు. నీళ్లు వడగట్టుకోవడానికట. "వాళ్లేమన్న దొరలా, నీళ్లు వడగట్టుకొని తాగుటానికి?" అన్నాను. "పాచి పోతది, కుట్టు," అన్నారు. కుట్టాను. ఎన్ని కుట్టానో, వేళ్లు కాయలు కాశాయి.

నా తల్లిగారి ఊరికి కూడా ఆయన తరచూ పోయేవారు. అక్కడ బట్టలు పంచలేదు. ఇంటింటికీ తిరిగి, ఎవరికి నారు వచ్చిందో కాళ్లు చూసి రాసుకునేవారు. ఊరి అల్లుడు అడిగితే కాదంటారా? ముసలి పటేలు కూడా సిగ్గుపడుతూనే కాలు చాపేవాడు. ఇంటికి వచ్చిన అల్లునికి కాళ్లకు నీళ్లిచ్చి, తాగడానికి చెంబు అందివ్వడం మా దిక్కు మర్యాద. ఆయన కాళ్లు కడుక్కొని, చెంబు పక్కన పెట్టి, "అత్తమ్మా, జర చాయ పెట్టు," అనేవారు. మా అవ్వకు అదొక గొప్ప. "మా అల్లుడు నీళ్లు తాగడే, ఉత్త చాయే!" అని వాడకట్టంతా చెప్పుకునేది. ఆయన కోసమే చాయపత్తి తెప్పించి డబ్బాలో దాచేది.

మరుసటి ఎండకాలం మా తమ్మునికి నారు వచ్చింది. బాపు పోయినంక వ్యవసాయమంతా వాని మీదనే. అవ్వ పుల్లకు చుడుతుంటే పురుగు తెగింది. కబురు అంది మేమిద్దరం పోయేసరికి కాలు తొడదాకా వాచింది, జ్వరంలో వానికి మాట తడబడుతోంది. ఆయన వాపు కోసి చీము తీసి, సూదులు ఇచ్చి, అక్కడే ఉండి ప్రాణం నిలబెట్టారు. మోకాలు మాత్రం వంగింది వంగినట్టే బిగుసుకుపోయింది.

"బావా, మిరుగం వస్తున్నది. నాగలి పట్టొచ్చునా?" అని మంచం మీంచి అడిగాడు.

"చూద్దాం," అన్నారు ఆయన.

వానికి అర్థమైంది. గోడ దిక్కు తిరిగి పడుకున్నాడు.

అవ్వ చెంబుతో నీళ్లు తెచ్చింది. "పొద్దటి నుంచి నోట్లో నీటిబొట్టు లేదు బిడ్డా. చాయపత్తి అయిపోయింది. గీ ఒక్క పూట తాగు," అంది. ఆయన పెదవులు ఎండి చీలిపోయి ఉన్నాయి. చెంబు అందుకున్నారు. నీళ్లలోకి చూశారు. కింద పెట్టేశారు. అల్లునికి ఏం కోపం వచ్చిందోనని అవ్వ కొంగు నలుపుకుంటూ నిలబడింది. నేను ఆయన మొహం చూశాను. అది కోపం కాదు, భయం.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన సైకిలు తొక్కుతుంటే నేను వెనక కూర్చున్నాను. ఆయన వీపే తప్ప మొహం కనబడదు. అందుకే అడగగలిగాననుకుంటా.

"మా ఊరి నీళ్లల్ల ఏమున్నది?"

"నారు," అన్నారు.

అప్పుడు చెప్పారు. నారు వచ్చిన కాలితో మెట్లబావిలో దిగితే పురుగు పిల్లలు నీళ్లలోకి పోతాయి. ఆ నీళ్లు తాగినవాళ్ల ఒంట్లో ఏడాది పెరిగి కాలులోంచి బయటికి వస్తాయి.

"బట్ట కడితే?"

"ఆగుతది."

"నేను కుట్టిన బట్టలేనా?"

"అవే."

"మరి మా ఊరికి ఎందుకియ్యలే?"

"ఒక ఊరికి ఇచ్చి ఒక ఊరికి ఇయ్యకపోతేనే తేడా తెలుస్తది. గదే నా పరిశోధన. పరాయి ఊర్లయితే ఏమియ్యకుండ ఊకె కాళ్లు చూడనియ్యరు. మీ ఊర్ల నన్నెవరూ ఎల్లగొట్టరు." మళ్లీ ఆయనే అన్నారు. "ఇంకొక్క ఎండకాలం ఓర్చుకో. లెక్క చూపిస్తే సర్కారు జిల్లా అంతట మెట్లబావులు మూయించి, కాలు దిగని గిరక బావులు తవ్విస్తది. ఉత్తగ చెప్తే ఉర్దూ డాక్టరు మాట ఎవరింటరు?"

"మా తమ్ముని కాలు మీ లెక్కల పడ్డదా?"

ఆయన సైకిలు ఆపి దిగారు. "పడ్డది," అన్నారు.

"ముందే చెప్పి ఉంటే వాని కాలు నిలిచేదా?"

"పోయిన ఏడు తాగిన నీళ్లది గది. అప్పటికి నేను మొదలువెట్టిన్నో లేదో... నాకు తెల్వదు," అని తంగేడు పొదల పక్కన చాలాసేపు కూర్చున్నారు. నేను నిలబడే ఉన్నాను.

ఆ డిగ్రీ ఆయనకు రాలేదు. బట్టలియ్యని రెండో ఊరు, అంటే మా ఊరు, లెక్కకు చెడిపోయిందని పట్నం పోయి తానే గురువుగారికి చెప్పి వచ్చారు. ఇంకో ఊరు చూసుకొని మళ్లీ మొదలుపెట్టమన్నారట. పెట్టలేదు. భైంసా దిక్కు బదిలీ, ఆ పైన బెల్లంపల్లి దిక్కు, చిన్న దవాఖానల్లోనే జుట్టు తెల్లబడింది. తమ్ముడు ఎడ్లను అమ్మి, ఊతకట్టెతో ఊళ్లోనే బతుకు వెళ్లదీశాడు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నేనూ ఆయన్ను అనలేదు. ఇద్దరం చివరిదాకా చాలా మర్యాదగా బతికాం. ఆ మర్యాదలో ఎంత చలి ఉండేదో మనవరాలికి ఎట్లా చెప్పను? ఆయన వెయ్యి ఊర్ల గురించి ఆలోచించారు, నేను ఒక్క ఊరి గురించి. ఎవరిది తప్పో తేల్చుకోవడానికి అక్షరాలు నేర్చుకుంటే చాలుననుకున్నాను. చాలలేదు.

సైకిలు మీద ఆ మాటలు అయిన మరునాడు పొద్దున, పంపకానికి మిగిలిన బట్టలన్నీ మూట కట్టాను. ఆయన అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నారు. అద్దంలో నన్నూ మూటనూ చూశారు. చేతిలో కత్తి ఆగింది. "పోతున్న," అన్నాను. ఆయన వద్దనలేదు, పొమ్మనలేదు.

ఎండ ముదరకముందే ఊరు చేరి మెట్లబావి దగ్గర నిలబడ్డాను. "ఏందమ్మా డాక్టరు పెండ్లామా, పొద్దుగాల్నే బట్టలు పంచుతున్నవు, ఓట్లకు నిలబడ్డవా ఏంది?" అని ఆడవాళ్లు నవ్వారు. ఒక్కొక్క కుండ మూతికి బట్ట కట్టాను. పొక్కు ఉన్నవాళ్లు మెట్లు దిగొద్దని చెప్పాను. అవ్వ ఖాళీ బిందెతో వచ్చి మూట చూసింది.

"అల్లుడు పంపిండా?"

"ఆ, ఆయనే పంపిండు," అన్నాను.

"చూసిన్రానే మా అల్లుణ్ణి!" అని అవ్వ అందరి దిక్కు తిరిగింది. కొత్త బట్టల్లోంచి నీళ్లు సన్నగా కుండల్లోకి దిగుతుంటే అందరూ వింతగా వంగి చూస్తున్నారు. నేను మాత్రం వాళ్ల కాళ్లు చూస్తున్నాను. నిరుడు తాగిన నీళ్లు అప్పటికే ఆ కాళ్లలో నడుస్తున్నాయి, వాటిని వడగట్టే బట్ట ఎవరి దగ్గరా లేదు.