చాట మీద సంతకం

సిమెంటు బెంచీలను అంత తక్కువ ఎత్తులో కట్టేవాళ్ళకు, కూర్చున్నవాడు మళ్ళీ లేవాల్సి వస్తుందన్న అనుమానమే ఉండదు. తెలంగాణ ఉద్యమం రోజుల్లో, బస్సులు బందైన ఒక మధ్యాహ్నం, కోరుట్ల బస్టాండులో అలాంటి బెంచీకే దొరికిపోయాను. పక్కన సిరిసిల్ల పోవాల్సిన పెద్దామె ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"గా కాయిదం ఏంది కొడుకా?" అంది, నా జేబులోంచి తొంగిచూస్తున్న మడత కాగితాన్ని చూసి.

"నాది కండరాలు కరిగిపోయే రోగం పెద్దమ్మా. మందు కోసం పరిశోధన చేసేటోళ్ళు మా అసొంటోళ్ళ పేర్లు రాసుకుంటున్నరు. తెలంగాణ అచ్చినంక మందు గూడ అస్తదేమో," అన్నాను. నింపితే రోగం ఖాయమైపోతుందన్న శాస్త్రీయ దృక్పథంతో రెండు నెలలుగా మడిచి పెట్టుకున్న ఫారం అది.

ఆమె నవ్వలేదు. "మా అత్తకున్న బీడీ కంపెనీ కార్డు మీద పదేండ్లు బీడీలు చేసిన. పేరు ఆమెది, చేతులు నాయి. అత్త పోయినంక నాకు రావాల్సిన పైసలు కంపెనీల అడిగితే నువ్వెవరివన్నరు," అంటూ తంబాకు మూటగట్టి, చాట బోర్లించి, రాసుకొమ్మని నా ఒళ్ళో పెట్టింది.

ఇప్పటికీ ఆ పేర్లు రాసుకునే రోగుల రిజిస్ట్రీ నుంచి ఉత్తరం వస్తే నాకు తంబాకు వాసనే వస్తుంది. బీడీ తాగనివాడికి అంత ఇష్టమైన వాసన ఉండకూడదు. ఆ రోజు మాత్రం సంతకం దగ్గర ఆగి, "మందు అచ్చేదాంక నేనుంటనో లేదో పెద్దమ్మా," అన్నాను.

"మందు నీ ఒక్కనికేనా? రాయి."