డాక్టరమ్మ బొటనవేలు

డాక్టరమ్మ గారికి ఏది కనిపించినా బొటనవేలితో నొక్కి చూడకపోతే తోచదు. కుర్చీ, దిండు, రొట్టె, ఎదుటివాళ్ళ భుజం, ఏదైనా సరే. నొక్కి, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, "మెత్తన" అనో "గట్టి" అనో తీర్పు చెప్పేస్తుంది. కూరగాయల కొట్టువాడు ఆవిడ వీధి మలుపు తిరగడం చూడగానే టమాటాల మీద గోనెసంచి కప్పేస్తాడు. తోడికోడలైతే కొత్త సోఫా కొన్న సంగతి నెలరోజులు దాచిపెట్టింది.

ఇదంతా ఆవిడ చదువు చేసిన నిర్వాకం. లివర్‌లో మచ్చ ఎలా పడుతుంది, అది ఎందుకు గట్టిపడుతుంది అని ముప్ఫై ఏళ్ళుగా తవ్వుతూనే ఉంది. లివర్‌లో ఉండే నక్షత్ర కణాలంటే ఆవిడకు ప్రాణం. లివర్‌ను పీచుతో నింపేవి అవే కాబట్టి లోకమంతా వాటిని తిట్టిపోస్తుంది. ఆవిడ ముందు ఆ మాట అన్నవాడి పని అయిపోయినట్టే.

"పాపం, విటమిన్ ఏ మూట పెట్టుకుని ఓ మూల నిద్రపోయే రకం అవి. దెబ్బతిన్న కణాలు కేకేస్తే లేచి, గాయం పూడ్చడానికి పీచు అల్లుతాయి. పీచు పెరిగి వాటి కింది నేల గట్టిపడుతుంది. ఆ గట్టి నేలను ఇవి పట్టుకు లాగితే అందులో దాగున్న టీజీఎఫ్ బీటా అనే ప్రోటీన్ ఊడి బయటపడుతుంది. అదేమో ఇంకా అల్లు, ఇంకా అల్లు అంటుంది. ఇక వాటికి నిద్రెక్కడిది?"

ల్యాబులో కణాలు పెంచే టెక్నీషియన్‌కు ఈ ఉపన్యాసం నాలుగేళ్ళుగా కంఠతా వచ్చు. పొద్దున్నే భుజం మీద పడే బొటనవేలూ ఆమెకు అలవాటే. పెద్దవాళ్ళ చాదస్తంలే అని నవ్వి ఊరుకునేది.

కానీ ఈసారి నవ్వే పరిస్థితి లేదు. ఇంట్లో కవలలకు పళ్ళొస్తున్నాయి. ఒకడు ఏడుపు ఆపితే రెండోది అందుకుంటోంది. తొమ్మిది రోజులుగా కంటిమీద కునుకు లేదు. నిద్రలో ఉన్న కణాలను మెత్తటి జెల్ పూసిన డిష్‌లలో వెయ్యాలి. పక్క పెట్టెలో జెల్ లేని ఉత్త ప్లాస్టిక్ డిష్‌లున్నాయి, రాయంత గట్టివి. ఆమె చెయ్యి పక్క పెట్టెలోకి వెళ్ళింది. కొన్నాళ్ళకు మైక్రోస్కోప్‌లో చూస్తే కణాలన్నీ లేచి కూర్చుని, కాళ్ళు బారచాపి పీచు అల్లుతున్నాయి. మూడు నెలల శ్రమ గంగపాలు. పైగా ఆమె కాంట్రాక్టు ఈ నెలాఖరుకే ముగుస్తుంది. ఇంకో పొరపాటు జరిగితే పొడిగించేది లేదని ల్యాబు డైరెక్టరు ముందే చెప్పి ఉన్నాడు.

డైరెక్టరు ఇద్దరినీ పిలిపించాడు. డాక్టరమ్మ లోపలికి వస్తూనే ఆయన కుర్చీ వీపు నొక్కింది.

"గట్టి. అందుకే మీకు అంత చిరాకు."

"చెయ్యి తియ్యండి మేడమ్. ఈ తప్పు ఎవరిది?"

టెక్నీషియన్ నోరు తెరిచేలోపే డాక్టరమ్మ అందుకుంది. "నాది. ఆ రోజు పొద్దున ఈ పిల్ల భుజం నొక్కాను. రాయిలా ఉంది. ఇంటికి పంపాల్సింది, పంపలేదు."

"భుజాలు నొక్కి సెలవులిస్తారా?"

"కడుపు నొక్కి లివర్ చూడటంలేదూ? అలాగే."

డైరెక్టరు తల పట్టుకున్నాడు. ఆవిడ వదల్లేదు. "లేచిన కణాలను జెల్ మీదికి మారుస్తాను. పడుకుంటాయేమో చూద్దాం. ఎనిమిది రోజులివ్వండి."

"పడుకోకపోతే?"

"ఇద్దరినీ పంపించెయ్యండి."

బయటికొచ్చాక టెక్నీషియన్‌కు కన్నీళ్ళాగలేదు. "నాకోసం మీ ఉద్యోగమెందుకు పణం పెట్టారమ్మా?"

"నీకోసమని ఎవరన్నారు? కణాల మీద నమ్మకం. నువ్వు మాత్రం ఈ ఎనిమిది రోజులూ మధ్యాహ్నమే ఇంటికెళ్ళి పడుకో. వాటికి మేత నేను పెడతాను."

ఎనిమిదో రోజున కణాల్లో చాలావరకు పీచు అల్లడం తగ్గించాయి. కొన్నింట్లో విటమిన్ ఏ దాచుకునే కొవ్వు చుక్కలు మళ్ళీ కనిపించాయి. డైరెక్టరు మైక్రోస్కోప్‌లో ఒక్కో డిష్షూ చూసి, కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టాడు.

ఆ కాగితం దాచుకోవడానికి వెళ్ళిన టెక్నీషియన్, బీరువాలో ల్యాబు డ్యూటీ పుస్తకం చూసి ఆగిపోయింది. నాలుగేళ్ళ పేజీలు తిప్పింది. ఒకామెకు జ్వరమొచ్చిన వారం, ఒకాయన తండ్రి పోయిన వారం, తన కవలలు పుట్టకముందు నెలలు. అన్నిచోట్లా వాళ్ళ పేరు కొట్టేసి, పక్కన డాక్టరమ్మ సంతకం. పొద్దున్నే భుజం నొక్కి, చడీచప్పుడు లేకుండా వాళ్ళ పని తన నెత్తిన వేసుకునేదన్నమాట ఈవిడ.

డాక్టరమ్మ అప్పుడు కిటికీ దగ్గర టీ తాగుతోంది. టెక్నీషియన్ వెనక నుంచి వెళ్ళి, భుజం మీద బొటనవేలు ఆనించి నొక్కింది.

"గట్టి," అంది.

"వయసు వల్లలేవే."

"కాదు. ఎనిమిది రోజులు నా పని చెయ్యడంవల్ల. రేపు మీరు రావద్దు."

"కణాలకు మేతో?"

"నేను పెడతాను."

డాక్టరమ్మ టీ కప్పు బల్లమీద పెట్టి సంచీ సర్దుకుంది.