ఒక్కరికే చోటు

ఎన్నికలొస్తే జమ్మలమడుగులో జైనబ్ ఇంటి పాత కంప్యూటర్‌లోనే రెండు పార్టీల పోస్టర్లూ తయారయ్యేవి. ఎవరొచ్చినా "మీ పనే చేస్తాండా" అని చూపడానికి ఆమె రెండింటినీ తెరిచే ఉంచేది. లేకుంటే ఎదుటి వర్గానికి అమ్ముడుపోయిందంటారని భయం. మెమరీ తక్కువైన ఆ కంప్యూటర్ ఒకరోజు మొరాయించింది.

పక్కింటి ఓబులమ్మ తొంగిచూసింది. "ఇద్దర్నీ ఒకే మంచంమీద కూర్చోబెడితే అది యాడ మోస్తాది మే?"

జైనబ్ ఒక పోస్టర్‌ను సేవ్ చేసి మూసేసింది. అక్కర్లేని ప్రోగ్రాములూ ఆపేసింది. కంప్యూటర్ చురుగ్గా కదిలింది.

అంతలో ఆ మూసేసిన పోస్టర్ తాలూకు పార్టీ మనిషి కుళ్లాయప్ప వచ్చాడు. తెరమీద ఎదుటి నాయకుడు నవ్వుతున్నాడు. జైనబ్ తెర మార్చలేదు.

"ముందు వాళ్లది, తర్వాత మీది మామా. దీంట్లో ఒకరికే చోటు."

కుళ్లాయప్ప తెరవంక చూసి, అరుగుమీద కూర్చున్నాడు.

"మాది దీనికంటే బాగుండల్ల."